మాట పూర్తయ్యాకే మోటారు

మా ఇంటి ఓనరమ్మ గారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున, నిద్రలోనే.

ఆ సంగతి మా బిల్డింగులో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. బాగా తెల్లవారినా కింద నుంచి తిట్లు వినబడకపోయేసరికి మాకే అనుమానం వచ్చింది. ఒక్కొక్కరే తలుపులు తీసుకుని మెట్ల మీదికి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పై అంతస్తు హాస్టల్ కుర్రాడు చేతిలో బ్రష్షుతో నిలబడి, "ఏంటక్కా, ఇవాళ ఎవర్నీ ఏమీ అనట్లేదు?" అని నన్ను అడిగాడు. అప్పుడు అందరం కలిసి దిగి వెళ్లాం.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనకాల సందుల్లోకి వచ్చినవాళ్లకి మా బిల్డింగ్ తెలిసే ఉంటుంది. గోడలకి రంగు కనబడదు. కంప్యూటర్ కోర్సుల కాగితాలే ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. కింద ఓనరమ్మ గారు, మొదటి అంతస్తులో మేము, ఆ పైన రెండంతస్తులూ కోర్సులు నేర్చుకోడానికి ఊళ్ల నుంచి వచ్చిన హాస్టల్ కుర్రాళ్లు. మా ఆయన మైత్రీవనం ఎదురుగా ఒక జిరాక్స్ షాపులో మిషన్ మీద పనిచేస్తారు. ఆ కుర్రాళ్ల నోట్సులన్నీ ఆయన చేతుల మీదుగానే పోతాయి.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఐదో తరగతితో బడి మానేశాను. పెళ్లై ఈ ఇంట్లో దిగిన రోజున ఓనరమ్మ గారు నా పేరడిగారు. నేను తలొంచుకుని చెప్పాను. ఆమె "నీ చెంగుకు చెప్తున్నవా, నాకు చెప్తున్నవా?" అన్నారు. నేను గదిలోకి పారిపోయాను. చాలా రోజుల దాకా ఆమె వాకిట్లో ఉంటే నేను మెట్లు దిగేదాన్ని కాదు. తర్వాత్తర్వాత "మామ్మగారూ" అని పిలవడం అలవాటైంది. "గారు తీసెయ్యవే, నోటికి బరువైతది" అనేవారు. తీయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా తీయడం రావట్లేదు.

ఆమె తిట్ల గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పడం కుదరదు. అలాగని చెబుదామంటే కాగితం మీద పెట్టదగినవి బహు తక్కువ. "మీ మొకాలు మాడ", "దొంగ సచ్చినోళ్లు" లాంటివి ఆమె ముద్దొచ్చినప్పుడు వాడేవి. పాలవాడు, గ్యాసువాడు, గోడలకి కాగితాలు అంటించేవాళ్లు, గేటు ముందు బండి పెట్టినవాళ్లు, బండి పెట్టకుండా ఊరికే నిలబడినవాళ్లు, అందరికీ ఏదో ఒకటి అందేది. కోపం ఉండాలని కూడా లేదు. మనం గొంతు సవరించుకున్నట్టు ఆమె తిట్టేవారు.

మా పాపకి మాటలు బాగానే వచ్చాయి. నాలుగేళ్లు వచ్చాక నత్తి మొదలైంది. "న" దగ్గర మరీ ఆగిపోయేది. మెడ బిగుసుకుపోయేది, కళ్లు మూసుకునేది. చూడలేక మేమే ఆ మాట అనేసేవాళ్లం. మా ఆయనది అసలే తొందర మనిషి. పాప నోరు తెరిస్తే చాలు, అది అనబోయేది, అననిది అన్నీ ఆయనే అనేసేవారు. ఒకసారి అది "నా..." అనగానే "నాన్నా, బిస్కెట్ కావాలా, ఇదిగో" అని చేతిలో పెట్టేశారు. పాప బిస్కెట్ తినేసి, "నా పలక పగిలిపోయింది" అని నిదానంగా చెప్పింది.

ఇంట్లో ఇలా నవ్వుకున్నాం గానీ బళ్లో వేశాక నవ్వు పోయింది. ఒకరోజు పాప నీళ్లు తాగొస్తానని టీచరుని అడగబోయి "నీ... నీ..." దగ్గర ఆగిపోయింది. టీచరు, "ఏంటి, సన్నాయి వాయిస్తున్నావా?" అన్నదట. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి బళ్లో దాని పేరు సన్నాయి అయింది. మా పైన హాస్టల్లో కూడా ఎవరో మెట్లు దిగుతూ "నీ నీ నీ" అని రాగం తీసేవాళ్లు. పాప నీళ్లడగడం మానేసింది. మూత ఊడి పుస్తకాలు తడుస్తాయని పిల్లల్ని బాటిలు తెచ్చుకోనిచ్చేవారు కాదు ఆ బళ్లో. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెదాలు ఎండిపోయి, చెప్పులు కూడా విప్పకుండా కుండ దగ్గరికి పరిగెత్తేది. నెమ్మదిగా తక్కిన మాటలు కూడా మానేసింది. కావలసింది వేలితో చూపించేది. ఇలాగే ఉంటే పిల్ల మూగదైపోతుందని నాకు భయం పట్టుకుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఓనరమ్మ గారు చూసి కనిపెట్టారు. ముందు ఆమె కూడా అందరిలాగే చేశారు. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు. ఆ చేదుకి పాప రెండు రోజులు నోరే తెరవలేదు. "చూసినవా, నత్తి బందైంది" అన్నారు. తర్వాత ఆమెకే సిగ్గేసినట్టుంది, బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో మాటల డాక్టరమ్మ ఉందని ఎవరినో అడిగి తెలుసుకుని, మమ్మల్ని ఆటోలో ఎక్కించి తానూ ఎక్కారు. "నువ్వు ఆడ గోడకు బల్లి లెక్క అతుక్కుంటవ్. ఎవలన్న మాట్లాడాలె గద" అన్నారు. నిజమే.

డాక్టరమ్మ చిన్న వయసామె. పాపని కుర్చీలో కూచోబెట్టి, "నీ పేరేంటమ్మా?" అంది. నేనూ ఓనరమ్మ గారూ ఒకేసారి చెప్పేశాం. డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ అరచెయ్యి చూపించి, "పాప చెప్తుంది" అంది. పాప మొదలుపెట్టింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. పక్కకి చూద్దును గదా, ఓనరమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని కూచున్నారు. ఆ నోట్లో ఏదైనా అడ్డం పెట్టడం అదే మొదటిసారి అనుకుంటాను. చివరికి పాప పేరు చెప్పింది. డాక్టరమ్మ తల ఊపింది, అంతే. భలే అనలేదు, చప్పట్లు కొట్టలేదు.

తర్వాత మాకు చెప్పింది. పిల్ల మాట మధ్యలో మీరు అందించొద్దు, నెమ్మదిగా చెప్పు అని కూడా అనొద్దు, వెక్కిరించొద్దు, వెక్కిరించనివ్వొద్దు, అది చెప్పడం అయ్యేదాకా ఇంట్లో అందరూ ఆగాలి అంది.

"ఇల్లంటే, నా బిల్డింగు మొత్తమా?" అని అడిగారు ఓనరమ్మ గారు.

డాక్టరమ్మ నవ్వి, అందరూ ఆగితే ఇంకా మంచిదే అంది. ఏదో మాటవరసకి అని ఉంటుంది. ఎవరితో అన్నదో ఆవిడకి తెలియదు పాపం. ఇంట్లో అరుపులూ తిట్లూ లేకుండా ఉంటే పిల్లకి హాయిగా ఉంటుందని కూడా చెప్పింది. అప్పుడు మాత్రం ఓనరమ్మ గారి మొహం చూడాలి. అన్నం మానెయ్యమన్నట్టు చూశారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె మాట్లాడలేదు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆటోవాడు అడ్డదిడ్డంగా దూర్చినా ఏమీ అనలేదు. నాకు భయమేసి, ఒంట్లో బాగాలేదా మామ్మగారూ అన్నాను. అప్పుడు చెప్పారు.

"మా ఆయనకు సుత నత్తి ఉండె. నన్ను ఒక్క తిట్టు తిట్టాల్నంటే పొద్దుగూకేది. నాకు ఓపికుండేది గాదు. గాడిద అంటున్నవా, కోతి అంటున్నవా అని నేనే అందిచ్చేదాన్ని. ఇంకింత మండేది ఆయనకు. మెల్లగ తిట్టుడు బంద్ జేసిండు. మంచిగైంది అనుకున్న. ఆనెంక మాట్లాడుడే బంద్ జేసిండు."

ఆటో కదిలింది. ఆమె బయటికి చూస్తూ, "గన్నేండ్లు గా ఇంట్ల నేనొక్కదాన్నే మాట్లాడిన. గందుకే నా నోరు గింత పెద్దగైంది" అన్నారు. తర్వాత పాప తల మీద చెయ్యి వేసి, "ఎవల మాట వాళ్లే తెచ్చుకోవాలె" అన్నారు. ఆ మాట తర్వాత మేము రోజూ విన్నాం.

ఇక్కడ మా నీళ్ల సంగతి చెప్పాలి. పైన ట్యాంకు పగిలి చాలా కాలమైంది. దాన్ని బాగుచేయించకుండా, సంపులో నీళ్లు నేరుగా నల్లాల్లోకి వచ్చేలా పైపు కలిపించారు ఓనరమ్మ గారు. కింద మోటారు నడిచినంతసేపే పైన నీళ్లు. మోటారు స్విచ్ మెట్ల కింద. స్విచ్ పక్కన ఒక్కో అంతస్తుకీ ఒక వాల్వు, ఆ పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో ఆమె. పొద్దున్నే "నల్లా ఇప్పుకోండ్రి, మొద్దు మొకాలోళ్లారా" అని ఆమె అరిస్తే బిల్డింగ్‌లో దినం మొదలయ్యేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆమె అందర్నీ మెట్ల మీదికి పిలిచారు. ఇక నుంచి నీళ్ల కబురు పాప చెబుతుంది. "నీళ్లొచ్చినయి, పట్టుకోండ్రి" అని పాప పూర్తిగా అన్నాకే మోటారు. ఎవరైనా మధ్యలో అందిస్తే పాప మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. వెక్కిరించినవాళ్ల అంతస్తుకి ఆ రోజు వాల్వు తిప్పడం ఉండదు.

నీళ్లలో మొదటి అక్షరమే పాపకి అన్నిటికంటే కష్టం. కొంగు నలుపుకుంటూ వెళ్లి, వేరే మాటేదైనా పెట్టండి మామ్మగారూ, మోటారు వేశామని చెప్పిస్తే చాలదా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు.

"నీళ్లను నీళ్లనకపోతే ఏమంటరే? రేపు బళ్లె దూపైతే మోటారు తాగుతదా?"

మొదటి రోజు పాప మెట్టు మీద నిలబడి గోడ వంక చూసింది. నోరు తెరవలేదు. ఓనరమ్మ గారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూచున్నారు. తొందరపెట్టలేదు, బుజ్జగించలేదు. పైన బక్కెట్ల చప్పుడు మొదలైంది. ఒకరిద్దరు తొంగిచూశారు. చాలాసేపటికి పాప "నీ..." అంది. అక్కడే ఉండిపోయింది.

ఆ సమయానికి మా ఆయన స్నానాల గదిలో ఉన్నారు. ఎలాగూ నీళ్లొచ్చేస్తున్నాయి కదా అని చెంబులో మిగిలిన కాసిని నీళ్లతో తల తడుపుకుని షాంపూ రుద్దేసుకున్నారట. నురగ కళ్లలోకి దిగుతుంటే ఆగలేక, గదిలోని చిన్న కిటికీలోంచి, "నీళ్లొచ్చాయి! నీళ్లొచ్చాయి! అయిపోయింది, వెయ్యండి!" అని కేకేశారు.

"ఎవడ్రా అందిచ్చింది?" అన్నారు ఓనరమ్మ గారు.

నాకు తెలుసు, కానీ ఎలా చెప్పను?

"మొదటికెల్లి చెప్పు బిడ్డా. ఆయన తాపీగ తానం జేస్తడు."

పాప మళ్లీ మొదలుపెట్టింది. ఇంతలో కిటికీలోంచి తుమ్ములు వినబడ్డాయి. పాపకి నవ్వొచ్చింది. నవ్వు వస్తే మాట ఇంకా ఆగుతుంది. మాట ఆగితే తుమ్ములు ఎక్కువవుతాయి. నత్తి వచ్చాక మాట మధ్యలో అది నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ రోజు మా ఆయన చెవుల వెనక నురగతోనే షాపుకి వెళ్లారు. మర్నాటి నుంచి, పాప చివరి మాట "పట్టుకోండ్రి" అనేదాకా ఆయన సబ్బు ముట్టలేదు.

ఇందాక బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడని చెప్పానే, ఆ హాస్టల్ కుర్రాడు అప్పట్లో కొత్త. పాప ఆగిపోయినప్పుడు, "సిస్టమ్ హ్యాంగ్ అయింది" అని పక్కవాడితో అన్నాడు. ఓనరమ్మ గారికి ఆ మాటకి అర్థం తెలియదు. వాడి మొహం చూసి అర్థం చేసుకున్నారు. ఆ రోజు వాళ్ల అంతస్తు మొత్తం మొహాలు కడుక్కోకుండా కోచింగ్‌కి వెళ్లింది. తోటివాళ్లే వాడికి గడ్డి పెట్టారు. ఆ తర్వాత పాప చెబుతుంటే ఎవరైనా బక్కెట్టు చప్పుడు చేసినా "ష్" అనేది వాడే. వాడు ఉద్యోగం వచ్చినా ఈ గది వదల్లేదు. ఆ ఉద్యోగం వచ్చిన రోజు స్వీటు డబ్బా పట్టుకుని దిగాడు. ఇంటర్వ్యూలో ఇంతకుముందు తొందరపడి ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేవాడట. ఈసారి ఇక్కడి అలవాటు కొద్దీ వాళ్లు అడగడం అయ్యేదాకా ఆగాడట. ఓనరమ్మ గారు డబ్బా తీసుకోలేదు. "గా పొల్లకియ్యి, నాకెందుకు?" అన్నారు. వాడు పైకెళ్లాక మాత్రం రెండు ముక్కలు తెప్పించుకుని తిన్నారు.

తిట్ల విషయంలో ఆమె నిజంగా కష్టపడ్డారు. పాప ముందు తిట్టనని ఆసుపత్రి నుంచి వచ్చాక తనే మాటిచ్చారు, అందుకని కోపం వస్తే సామాన్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుని తిట్టేవారు. ఆ గదికి పైన గాలి కంత ఉందని ఆమెకి గుర్తులేదు. మూడంతస్తులకీ ముందుకంటే స్పష్టంగా వినబడేది. కొన్నాళ్లకి మోకాళ్ల నొప్పులతో లేచి వెళ్లడం కష్టమై, ఇంకో ఉపాయం చేశారు. "చెవులు మూస్కో బిడ్డా" అనేవారు. పాప రెండు అరచేతులూ చెవులకి గట్టిగా నొక్కుకునేది. ఆమె తిట్టవలసింది తిట్టేసి, చెయ్యి ఊపేవారు. పాప చేతులు తీసేసేది. కొంతకాలానికి చెప్పడం కూడా అక్కర్లేకపోయింది. గేటు దగ్గర ఎవరైనా తప్పు చేస్తున్నట్టు కనబడగానే పాప చెవులు మూసుకునేది. గోడకి కాగితాలు అంటించేవాళ్లు దాన్ని చూసి జిగురు డబ్బా వదిలేసి పరిగెత్తేవాళ్లు.

ఒకసారి పాప, ఏం తిట్టావు అవ్వా అని అడిగింది. చాలాసేపు పట్టింది అడగడానికి. ఓనరమ్మ గారు అంతసేపూ దాని కళ్లలోకే చూస్తూ విని, "నీ పెండ్లైనంక చెప్త" అన్నారు.

ఆ ఏడు ఎండాకాలం మొదలవుతుండగా ఒకరోజు పాప బడి నుంచి వచ్చి చెప్పులు విప్పి వరసగా పెట్టింది. కుండ దగ్గరికి వెళ్లలేదు. నాకు వెంటనే వెలగలేదు. తడిగా ఉన్న పెదాలు చూశాక తెలిసింది. మర్నాడు టీచరు నన్ను రమ్మని కబురు పంపింది.

పాప బళ్లోకి నేను అప్పటిదాకా అడుగుపెట్టలేదు. ఓనరమ్మ గారు గేటు దాకా వచ్చారు. "నేను ఈడనే ఉంట. తిట్టేదుంటే పిలువు" అన్నారు. లోపల టీచరు, కోపంగా కాదు గానీ అయోమయంగా చెప్పింది. పాప "నీ..." అనగానే, నీళ్లేనా వెళ్లు అన్నదట. పాప వెళ్లలేదట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిందట. తాగొస్తావా, సరే పో అంటే, మళ్లీ మొదటి నుంచి. క్లాసంతా చూస్తోందట. ఏం చెయ్యాలో తెలియక చివరికి ఊరుకుందట. అప్పుడు పాప పూర్తిగా అడిగి, నీళ్లు తాగొచ్చి కూచుందట.

"ఏంటండీ ఇది?" అంది టీచరు.

చెంగు పట్టుకున్నాను, వదిలేశాను.

"మధ్యలో అందిస్తే అది మళ్లీ మొదలుపెడుతుందండి. ఊరుకుంటే అయిపోతుంది" అన్నాను. "సన్నాయి అని కూడా అనకండి" అన్నాను.

బయటి మనిషితో నేను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. టీచరు సరేనండి అంది. ఆవిడ మాట నిలబెట్టుకుంది కూడా.

గేటు దగ్గర ఓనరమ్మ గారు నడుం బిగించుకుని నిలబడి ఉన్నారు. "తిట్టాల్నా?" అన్నారు. అక్కర్లేదు మామ్మగారూ, నేనే మాట్లాడాను అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. "గింత ఎండల నడిసొచ్చిన" అన్నారు. దారంతా సణుగుతూనే ఉన్నారు. ఇంటి మలుపులో మాత్రం ఆగి, నా చెంగు కొస పట్టుకుని ఒకసారి లాగి వదిలారు. "ఇయ్యాల దీనికి చెప్పలె కదా?" అన్నారు.

పాప నత్తి పోలేదు. ఇది చదివేవాళ్లు పోయిందనుకుంటారేమోనని రాస్తున్నాను. ఇప్పుడు మూడో తరగతి. "న" దగ్గర ఇప్పటికీ ఆగుతుంది. ఆగి, తన మాట తాను తెచ్చుకుంటుంది. బంజారా హిల్స్ డాక్టరమ్మ దగ్గరికి ఇంకా వెళ్తున్నాం. ఓనరమ్మ గారు చివరిదాకా ఆటోలో మాతో వచ్చారు. అక్కడ నేర్పిన ఊపిరి కసరత్తు పాపతో పాటు తానూ చేసేవారు. దానివల్ల తిట్టడానికి దమ్ము పెరిగిందని సంతోషించారు.

శుక్రవారం యూసుఫ్‌గూడ నుంచి ఆమె కొడుకు వచ్చాడు. అతను ఎప్పుడో పండక్కి వచ్చి వెళ్లేవాడే, మా పద్ధతులు తెలియవు. ఆమెకి స్నానం చేయించడానికి నీళ్లు కావాలన్నారు. అతను మెట్ల కింద స్విచ్ దగ్గరికి వెళ్లాడు. హాస్టల్ కుర్రాడు, "అన్నా, ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. మా ఆయన పాప భుజం మీద చెయ్యి వేసి మెట్టు దగ్గరికి తీసుకొచ్చి, ఏమీ అనకుండా పక్కకి తప్పుకున్నారు.

పాప మెట్టు ఎక్కి నిలబడింది. కింద వాకిట్లో ఆమెని పడుకోబెట్టిన మంచం కనబడుతోంది. పక్కన ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ.

"నీ..." అంది. ఏడుపు కూడా ఉందేమో, ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది. "నీ... నీ..."

కొడుకు జాలిపడ్డాడు. మంచివాడే. "నీళ్లే కదా బిడ్డా, నీళ్లొచ్చినయి" అన్నాడు.

మెట్ల మీద ఉన్నవాళ్లందరం ఖాళీ కుర్చీ వైపు చూశాం. పాప రెండు అరచేతులూ చెవులకి గట్టిగా నొక్కుకుని మంచం వైపు చూసింది.

అలాగే చాలాసేపు నిలబడింది. చెయ్యి ఊపేవాళ్లు లేరు. చివరికి దానంతటదే చేతులు కిందికి దించింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మేమంతా ఆగాం.